కంట్రోలర్ గారింటి కనెక్షన్

ఆదివారం ఉదయం, కాఫీ కప్పు కింద పెడుతూ, ఆయన ఇంట్లో అధికారం చేజిక్కించుకున్నాడు. రక్తపాతం జరగలేదు. ఎదురు తిరిగినవాళ్ళు లేరు. ఆ సమయానికి ఇంట్లోని ముగ్గురు ఆడవాళ్ళూ మూడు తెరల్లో తలలు దూర్చి ఉన్నారు కాబట్టి, ఆయన చేసిన ప్రకటన ఎవరి చెవినా పడలేదు.

“ఇవాళ్టి నుంచి ఈ ఇంటి ఇంటర్నెట్ నా చేతిలో ఉంటుంది,” అన్నాడు రెండోసారి, గొంతు పెంచి.

“ఉంచుకోండి. ఆ పక్కనే పాల గిన్నె ఉంది, అదీ మీ చేతిలోకే తీసుకుని స్టవ్ మీద పెట్టండి,” అంది భార్య, తల ఎత్తకుండానే.

బస్టాండులో ఆయన కంట్రోలరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో, ఏది ఎప్పుడు కదలాలో అద్దాల గదిలో కూర్చుని మైకులో చెబుతాడు. కిటకిటలాడే బస్సు కూడా ఆయన చెయ్యి ఊపితేనే కదులుతుంది. ఇంట్లో చెయ్యి ఊపితే దోమ కూడా కదలదు. వీధి వీధంతా ఆయన్ని కంట్రోలరనే పిలుస్తుంది. భార్య మాత్రం కోపం వచ్చినప్పుడే అలా పిలుస్తుంది, అదీ చివర ‘గారూ’ చేర్చి. ఆ ‘గారూ’ వినపడిందంటే ఆయన చెప్పులు వెతుక్కుంటాడు.

ఇంటికి ఉన్నది ఒకటే కనెక్షను. హాల్లో టీవీ పక్కన ఓ నల్లడబ్బా, దానికి రెండు కొమ్ములు. ఆ డబ్బా మీద నాలుగు ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. భార్య పక్క గదిలో కూర్చుని ఫోనులో ఊరూరి ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పుతుంది. కూతురు కాలేజీలో భవనాల బొమ్మలు గీసే చదువు చదువుతోంది. ఆ బొమ్మ ఒక్కటి పంపించిందంటే ఇంట్లో మిగతావాళ్ళ తెరలన్నీ ఊపిరి బిగబడతాయి. అత్తగారు రోజూ తన చెల్లెలితో మొహం చూసుకుంటూ మాట్లాడుతుంది. ఓ రోజు ఆ చెల్లెలి మొహం సరిగ్గా ఆవులింత మధ్యలో ఆగిపోయింది. నోరు తెరుచుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న చెల్లెల్ని చూసి అత్తగారు పెట్టిన శోకానికి వీధిలో సైకిళ్ళు ఆగిపోయాయి.

అలాంటి ఇంట్లో, వచ్చే శనివారం పది గంటలకి, ఆయనకి ఆ లైను మొత్తం ఒక్కడికే కావాలి. ఎందుకు కావాలో ఎవరికీ తెలియకూడదు.

కారణం ఇది. చీఫ్ కంట్రోలర్ కుర్చీ ఖాళీ అయింది. పై ఆఫీసువాళ్ళు ముగ్గురు కూర్చుని వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు. పోటీలో ఉన్నది ఇద్దరే: ఈయన, ఈయన చేతికింద పని నేర్చుకున్న కుర్రాడు. ఆ కుర్రాడి పేరు బస్టాండులో ఎవరికీ గుర్తులేదు, అందరూ ఈల అంటారు. మైకు చేతికిచ్చినా ముందు ఈల వేసిగానీ మాట్లాడడు. ఈ కుర్చీ దక్కకపోతే వచ్చే నెల నుంచి ఆ ఈలకి తాను లేచి నిలబడి నమస్కారం పెట్టాలి.

మరి ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారా? కిందటేడు ఇలాంటి పోటీకే వెళ్ళినప్పుడు చెప్పాడు. ఇంట్లోనే కాదు, కూరల బండి దగ్గరా, మంగలి షాపులోనూ చెప్పాడు. ఫలితం రాకముందే వీధిలో మిఠాయిలు పంచాడు. ఉద్యోగం రాలేదు. అది భరించాడు. ఆ తరవాత నెల రోజులపాటు అత్తగారూ, భార్యా వంతులవారీగా ఓదార్చారు. అది భరించలేకపోయాడు. “పోన్లెండి అల్లుడుగారూ, అందరికీ అన్నీ రాసిపెట్టి ఉండవు,” అని అత్తగారు అన్నం వడ్డించేటప్పుడల్లా అనేది, ఎక్కువగా వడ్డించేది. ఆ నెలలో ఆయన ప్యాంట్లన్నీ బిగుతైపోయాయి. ఈసారి గెలిస్తే చెబుతాడు. ఓడితే అసలు పోటీయే జరగలేదు.

అందుకని అధికారం.

మొదటి పనిగా డబ్బా పాస్‌వర్డ్ మార్చేసి, కొత్తది అందరి ఫోన్లలోనూ తానే కొట్టి పెట్టాడు. రెండో పనిగా అందరి ఫోన్లలో విడిగా ఉన్న డేటా ప్యాకులు తీయించేశాడు. ఇంట్లో ఇంత పెద్ద లైను పెట్టుకుని ఫోన్లకి వేరే డేటా ఎందుకు, దండగ అన్నాడు. అసలు సంగతి వేరు. శనివారం లైను ఆపినప్పుడు, ఎవరైనా పక్కదారిన నెట్‌లోకి వెళ్ళి, ‘కంపెనీ లైను బాగానే ఉందే’ అని కనిపెట్టేస్తారేమోనని భయం. తన ఫోనుకి కూడా తీయించాడు. న్యాయం అందరికీ ఒకటే అని చూపించాలి కదా.

మూడో పని కాస్త అతి అయింది. ఎవరూ ముట్టుకోకుండా నల్లడబ్బాని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇనప తలుపుల వెనక నుంచి ఇంటర్నెట్ బయటికి రాదని ఆయనకి ఆ సాయంత్రమే తెలిసింది. బీరువా తలుపు వారగా తెరిచి, ఆ సందుకి వీపులు పెట్టి నలుగురూ వరసగా కుర్చీలు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం పాఠంలో కుట్టు నేర్చుకునేవాళ్ళకి టీచరమ్మ వెనక నాఫ్తలీన్ ఉండలు, మడతపెట్టిన దుప్పట్లు కనిపించాయట. ఎవరో అడిగారు, ‘మేడం, మీరు బీరువాలో ఉంటున్నారా’ అని.

“కంట్రోలర్ గారూ,” అంది భార్య పాఠం అయ్యాక.

ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి డబ్బా టీవీ పక్కకి చేరింది. పాస్‌వర్డ్ మాత్రం ఆయన దగ్గరే ఉంది. అంతే చాలు.

ఆ మరునాడు పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు వచ్చాడు. తన లైను తెగిందనీ, సాయంత్రం దాకా కాస్త మీది వాడుకోనివ్వమనీ అడిగాడు. అధికారం కొత్తగా చేతికొచ్చినవాడు దానం చేయడు. “ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాలి డాక్టరు గారూ,” అని ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చి పంపించాడు.

శుక్రవారం సాయంత్రం అసలు ఘట్టం. డబ్బాలో ఓ సదుపాయం ఉంది. ఏ ఫోనుకి ఏ వేళ నెట్ ఇవ్వకూడదో ముందే చెప్పి పెట్టొచ్చు. ఆయన మంచం మీద దుప్పటి కప్పుకుని, దాని కిందే ఫోను తెరిచాడు. జాబితాలో ఐదు పేర్లు కనిపించాయి. పాప కొత్తది, పాప, అమ్మ, నాన్న, టీవీ. కొన్ననాడు కూతురు పెట్టిన పేర్లవి. నాన్న అన్నది ఒక్కటి వదిలేసి మిగిలిన నాలుగింటి మీదా వేటు వేశాడు. శనివారం పది నుంచి పదకొండు దాకా. మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాడు. బస్టాండులో పాతికేళ్ళుగా పొరపాటు చేయని చెయ్యి అది.

భోజనాల దగ్గర తేలిగ్గా అన్నాడు, రేపు పదింటికి కంపెనీవాళ్ళు లైను బాగుచేస్తారట, ఓ గంటపాటు నెట్ రాదట అని. గోల కోసం సిద్ధంగా ఉన్నాడు. జవాబులు కూడా వరసగా పెట్టుకున్నాడు.

“అలాగే,” అంది భార్య.

“సరే నాన్నా,” అంది కూతురు.

“మంచిది,” అంది అత్తగారు, పెరుగు వేస్తూ.

ఇంత మంచి డ్రైవరు బస్టాండులో ఒక్కడూ లేడనుకున్నాడు. పరిపాలన అంటే ఇదీ అనుకున్నాడు. ఆ సంతోషంలో వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం చూడలేదు.

శనివారం పది కావస్తోంది. తలనొప్పిగా ఉంది, కాసేపు పడుకుంటానని చెప్పి పడగ్గదిలో గడియ పెట్టుకున్నాడు. తెల్లచొక్కా, నీలం టై. నడుం కింద చారల పైజామా. అక్కడిదాకా కెమెరా రాదు. వెనక బోసిగోడ. ఎదురుగా పుస్తకాల దొంతర మీద ఫోను. తెర మీద పై ఆఫీసువాళ్ళ వెయిటింగ్ రూము తెరుచుకుంది. ‘మిమ్మల్ని కొద్దిసేపట్లో పిలుస్తాం. పిలిచిన పది నిమిషాల్లో హాజరు కానివారు అనర్హులు’ అని రాసి ఉంది.

గోడ గడియారం పది కొట్టింది. ఇంట్లో నెట్ ఆగింది. ఎక్కడా కేక వినపడలేదు.

ఆయన నవ్వుకుని, టై సర్దుకుని, తెర వైపు చూశాడు. తెర మీద ఓ సున్నా గిరగిరా తిరుగుతోంది. తిరిగి తిరిగి ఆగింది. ‘ఈ పరికరానికి ఇంటర్నెట్ అనుమతి లేదు.’

ఆ వాక్యాన్ని ఆయన మూడుసార్లు చదివాడు. మూడోసారికి అర్థం తెలిసింది, కారణం తెలియలేదు. ఫోను ఆపి మళ్ళీ వేశాడు. అనుమతి లేదు. నిషేధం ఎత్తేద్దామని డబ్బా సెట్టింగుల్లోకి వెళ్ళబోయాడు. నిషేధంలో ఉన్న ఫోనుని డబ్బా గుమ్మంలోనే ఆపేసింది. కాపలావాణ్ణి పెట్టినవాడు తానే, లోపలికి రానివ్వనిదీ ఆ కాపలావాడే. డేటా ప్యాకా, దాన్ని తీయించిన మహానుభావుడూ తానే.

గది గడియ తీసి, పిల్లిలా వరండాలోకి నడిచి, మెట్లెక్కాడు. పళ్ళ డాక్టరు తలుపు తీసి, టై చూశాడు, పైజామా చూశాడు. ఓ పావుగంట మీ నెట్ వాడుకోనివ్వమని ఈయన బతిమాలాడు. డాక్టరు నోరు తెరవమనే తీరులోనే నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు.

“ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాలి కంట్రోలరు గారూ.”

తలుపు పడింది. ఆయన రెండేసి మెట్లు చొప్పున దిగాడు. డబ్బాని ఆపి మళ్ళీ వేస్తే తిక్క కుదురుతుందేమోనని చివరి ఆశ. దొంగలా హాల్లో అడుగుపెట్టాడు.

హాల్లో టీవీ మూగగా ఉంది. భార్య, కూతురు, అత్తగారు సోఫాలో వరసగా కూర్చుని ఉన్నారు. బల్ల మీద మూడు ఫోన్లు బోర్లా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కదానికీ ప్రాణం లేదు. మూడింటినీ ఆపేసి ఉంచారు. గడియారం టిక్కుటిక్కులు తప్ప చప్పుడు లేదు.

అత్తగారు ఆయన్ని చూసి కంగారుగా లేచింది.

“అదేమిటి అల్లుడుగారూ, పదయిపోయింది కదా, ఇంకా ఇంటర్వ్యూలో కూర్చోలేదేం?”

బస్సు ఢీకొన్నా ఆయన అంత గట్టిగా ఆగిపోయేవాడు కాదు.

“ఏ ఇంటర్వ్యూ?” అన్నాడు.

అప్పుడు బయటపడింది. ఆ ఇంట్లో ఓ ఆనవాయితీ ఉంది. కొత్త ఫోను కొంటే అది కూతురికి వెళుతుంది, చదువుకోవాలి కాబట్టి. కూతురి పాతది తల్లికి, తల్లి పాతది తండ్రికి, తండ్రి పాతది అమ్మమ్మకి దిగుతాయి. ఫోన్లు చేతులు మారాయిగానీ, వాటికి మొదట పెట్టిన పేర్లు ఎవరూ మార్చలేదు. జాబితాలో ‘అమ్మ’ అంటే ఇప్పుడు ఆయన చేతిలో ఉన్న ఫోను. ‘నాన్న’ అంటే అత్తగారి చేతిలోది. ఇంట్లో అందరినీ ఆపి, అత్తగారికి మాత్రం రాచమార్గం వేసిపెట్టాడు.

అంతటితో అయిపోలేదు. పాత ఫోను అత్తగారికి ఇచ్చేటప్పుడు తన ఖాతా తీసేయడం మర్చిపోయాడు. ఇంటర్వ్యూ కోసం ఆయన తన ఫోనులో గుర్తుచేయమని పెట్టుకున్నవన్నీ అత్తగారి ఫోనులోనూ గంట కొట్టి మరీ కనపడుతున్నాయి. అవేమిటో ఆమె భక్తిగా ఒప్పజెప్పింది.

“శనివారం పదింటికి చీఫ్ పోస్టు ఇంటర్వ్యూ. ఇంట్లో తెలియకూడదు. నవ్వాలి, పళ్ళు కనపడకూడదు. పొట్ట లోపలికి లాగి కూర్చోవాలి. నేను పూజకి కూర్చున్నప్పుడే మోగేది నాయనా, రోజూ.”

కూతురు మొహానికి దిండు అడ్డం పెట్టుకుంది. దిండు ఊగుతోంది.

వారం నుంచీ వాళ్ళకి తెలుసు. ఆయనకి లైను నిండుగా అందాలని భార్య తన పదింటి పాఠాన్ని పొద్దున్న ఏడింటికే ముగించేసింది. కూతురు తన బొమ్మలన్నీ ముందురోజే పంపేసింది. అత్తగారు చెల్లెలికి సెలవు ప్రకటించింది. పదింటికి ముందే ముగ్గురూ ఫోన్లు ఆపేసి, అడక్కుండానే లైను మొత్తం ఆయనకి వదిలేసి, చప్పుడు కాకుండా కూర్చున్నారు. ఆ లైను మీద నిషేధం వేసి, అందులో తన్ను తాను ఇరికించుకున్నవాడు ఇంట్లో ఒక్కడే.

“నాకో మాట చెబితే ఏం పోయేదండీ?” అంది భార్య.

దానికి జవాబు ఉంది, చెప్పడానికి సమయం లేదు. పిలుపు వచ్చి అప్పుడే కొన్ని నిమిషాలయి ఉంటుంది. ఇంట్లో నెట్ వచ్చేది అత్తగారి ఫోనుకి ఒక్కదానికే. అది ఆపేసి ఉంది.

భార్య దాన్ని తీసి మీట నొక్కింది. ముసలి ఫోను. ముందు వణికింది. తరవాత కంపెనీ బొమ్మ చూపించింది. ఆ తరవాత ఓ పాట పాడింది. పాట అయ్యాక, మనసు మార్చుకున్నట్టు మళ్ళీ నల్లబడింది. ఆయన నుదుటి మీద చెమట టై మీదికి జారింది. ఎదురుగా ఈల కుర్చీలో కూర్చుని, చెయ్యి ఊపుతూ కనపడ్డాడు. చివరికి తెర వెలిగింది. కూతురు రెండు వేళ్ళతో ఏదో నొక్కి, ఆయన ఖాతా అందులోనే ఉంది కాబట్టి నేరుగా ఇంటర్వ్యూ తలుపు తట్టింది. తలుపు తెరుచుకుంది.

ఇక కూర్చోవడమే తరువాయి అనుకుంటుండగా అత్తగారు చిన్నగా దగ్గింది.

“ముందు కెమెరా పగిలిపోయింది నాయనా. నిన్న చట్నీలో పడింది. వెనకది పనిచేస్తుంది.”

వెనక కెమెరా ఆయన వైపు ఉండాలంటే తెర అటువైపు ఉండాలి. అంటే ఎవరో ఒకరు ఫోను పట్టుకుని ఆయనకి ఎదురుగా కూర్చోవాలి. ఆయనకి అధికారులు కనపడరు. పట్టుకున్నవాళ్ళే కనపడతారు.

భార్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఫోను రెండు చేతులతో తన మొహం ముందు, కళ్ళు పైనుంచి కనపడేలా పట్టుకుంది. అలా, జీవితంలో అతిముఖ్యమైన ఇంటర్వ్యూకి, ఆయన తన భార్య కళ్ళలోకి చూస్తూ జవాబులు చెప్పవలసి వచ్చింది.

ఫోనులోంచి ఓ ఆడగొంతు వచ్చింది. పెద్దమేడం గొంతు. అద్దాల గదిలోకి ఆమె ఫోను వస్తే కంట్రోలర్లు లేచి నిలబడి మాట్లాడతారు. ఆలస్యమెందుకయిందని అడిగింది.

కంపెనీవాళ్ళు లైను బాగుచేస్తున్నారు మేడం అనబోయాడు. నోటిదాకా వచ్చింది. ఫోను పైనుంచి రెండు కళ్ళు చూస్తున్నాయి. కోపంగా కాదు. పాఠం చెప్పేటప్పుడు, కొత్తగా వచ్చినవాళ్ళు గుడ్డ మీద కత్తెర పెట్టబోతే చూసే చూపు.

“ఇంట్లో ఒకటే కనెక్షను మేడం. అందరినీ ఆపి నేనొక్కణ్ణే వాడుకుందామని, ఎవరికీ చెప్పకుండా లైనుకి తాళం వేశాను. ఆ తాళం నాకే పడింది. వాళ్ళు ఫోన్లు ఆపేసుకుని నాకు దారి ఇచ్చారు. ఈ ఫోను మా అత్తగారిది.”

అవతల ఎవరిదో మగగొంతు దగ్గుని నవ్వుగా మార్చుకుంది, లేదా నవ్వుని దగ్గుగా. పెద్దమేడం అంది, మీకన్నా ముందు వచ్చినాయన కూడా ఆలస్యంగానే వచ్చాడు, పిడుగు పడి కరెంటు పోయిందన్నాడు, ఆయన వెనక కిటికీలో మాత్రం ఎండ పేలిపోతోంది అని.

తరవాత పని గురించి అడిగారు. ఒకే ప్లాట్‌ఫారం మీదికి రెండు బస్సులు ఒకేసారి వస్తే ఏం చేస్తారన్నారు. ఆయన బట్టీపట్టిన జవాబు ఒకటుంది. కంట్రోలర్ తన అధికారాన్ని ఉపయోగించి, అన్న మాటతో మొదలవుతుంది. మొదలుపెట్టాడు. ఫోను పైన కనుబొమ్మ ఒకటి లేచింది. ఆగాడు.

“ముందు ఇద్దరు డ్రైవర్లనీ అడుగుతాను మేడం. ఎవరికి తొందరో వాళ్ళే చెబుతారు. అడిగితే సగం మంది వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు. మైకు రెండోది.”

కనుబొమ్మ దిగింది. ఆ తరవాత ఆయన వెనక్కి చూడలేదు. రద్దీ వేళల గురించి, తప్పిన బస్సుల గురించి, ప్రయాణికుల తిట్ల గురించి అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పాడు. పాతికేళ్ళ పని ఒంట్లో ఉంది. పొట్ట లోపలికి లాగడం మర్చిపోయాడు, నవ్వాడు, పళ్ళన్నీ కనపడ్డాయి.

“ఉత్తర్వులు సోమవారం వస్తాయి. ఆ కుర్చీ చాలా రోజులుగా ఖాళీగా ఉంది, దుమ్ము దులిపించుకోండి,” అంది పెద్దమేడం.

ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. దాంతో పై ఆఫీసు మొత్తానికి పైజామా చారలు కనపడ్డాయి.

“ఉండండి, పెట్టేయకండి,” అంది పెద్దమేడం. “ఆ ఫోను పట్టుకున్నావిడ ఎవరు? ఒకసారి ఇటు చూపించండి.”

భార్య బిత్తరపోయింది. ఆయన ఫోను అందుకుని ఆమె వైపు తిప్పాడు. మేడం గొంతు మారిపోయింది. మైకుకి అలవాటైన గొంతు పోయి, వంటింటి గొంతు వచ్చింది. తమ ఇంట్లోనూ ఒకటే కనెక్షనట. భర్తా, ఇద్దరు మగపిల్లలూ, మరిదీ. రోజూ యుద్ధమట. అడక్కుండానే అందరూ ఫోన్లు ఆపేసుకున్నారంటే నమ్మలేకపోతున్నాననీ, ఆ ఇంట్లో లైను ఎలా పంచుతారో చెప్పమనీ అడిగింది.

భార్య కొంగు సర్దుకుంది. పాఠం మొదలుపెట్టింది. రేపు ఎవరికి ఏ వేళ తప్పదో ముందురోజు భోజనాల దగ్గరే చెప్పుకోవాలంది. సినిమాలు, ఆటలు దింపుకునేవాళ్ళు ఎవరూ పని లేని వేళలో దింపుకోవాలంది. ఇద్దరికీ ఒకే వేళ తప్పకపోతే వీడియోలో బొమ్మ ఆపి మాటతో సరిపెట్టుకోవాలంది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుండాలని మేడం అడిగితే, అది అందరికీ తెలిసి ఉండాలండీ, ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరికీ అనవసరంగా ఆలోచనలు వస్తాయంది. అవతల కాగితం మీద కలం గీస్తున్న చప్పుడు వినపడింది. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, తనకు తెలిసినవి నాలుగు కలిపింది. కూతురు నేల మీద చేరింది. ఆయన ఇంటర్వ్యూ ఎప్పుడో అయిపోయింది. భార్యది ఇంకా సాగుతోంది.

ఆయన చేతులు లాగడం మొదలయింది. ముందు మోచేతులు, తరవాత భుజాలు. ఫోను నెమ్మదిగా కిందికి వంగింది.

“ఏమండీ, కదలకండి,” అంది భార్య, కెమెరా వైపు నవ్వుతూనే. “మేడంగారికి నేను వంకరగా కనపడుతున్నాను.”

కాబోయే చీఫ్ కంట్రోలర్ ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డాడు.